నా బిడ్డ నవ్వక రెండేండ్లయింది సారూ!

"అన్నా, జర బస్సాపవా!"

కండక్టర్ తలెత్తి చూశాడు. కొండమల్లేపల్లి రావడానికి ఇంకా పావుగంట ఉంది. కడుపులో మెలిపెడుతోంది. అరచేతులు చల్లబడ్డాయి. ముందురోజు రాత్రి నుంచి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. కడుపు ఖాళీగా ఉంటే గండం గడుస్తుందనుకున్నాను. గడవలేదు.

"ఈడ స్టాపు లేదు మేడం. ఏమైంది?"

ఏమైందని చెప్పను? బస్సు నిండా జనం. మా స్కూల్ పిల్లల తల్లులూ ఉన్నారు. "వాంతి వస్తోంది" అని అబద్ధమాడాను. వాంతి అని పైకి చెప్పుకోవచ్చు. నాకొచ్చిన కష్టం చెప్పుకునేది కాదు.

రోడ్డు పక్కన రేకుల ఇల్లు. గడప మీద కూర్చుని ఒక అవ్వ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. నా మొహం చూసి ఒక్క ప్రశ్న వేయలేదు. "ఎనక ఉంది బిడ్డా, పో" అంది. నేను బయటికి వచ్చేసరికి బకెట్లో నీళ్లు, చేతిలో సబ్బుముక్కతో నిలబడి ఉంది. బస్సు వెళ్లిపోయింది. ఆ గడప మీదే కూర్చుని ఏడ్చాను.

అది 2018 డిసెంబరు. ఆ తర్వాత రెండేళ్లకు పైగా నేను బస్సెక్కలేదు.

మొలలనుకుని రెండేళ్లు

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ టీచర్ని. 2015లో మలంలో నెత్తురు కనిపిస్తే మొలలన్నారు. వేడి చేసిందన్నారు. సబ్జా గింజలు, మజ్జిగ, ఆకు పసర్లతో రెండేళ్లు గడిచాయి. పదకొండు కిలోలు తగ్గాక హైదరాబాద్‌లో కొలనోస్కోపీ చేశారు. అల్సరేటివ్ కొలైటిస్ అని తేలింది.

డాక్టరు కాగితం మీద పెద్దపేగు బొమ్మ గీసి చెప్పారు. మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే పేగు లోపలి పొర మీద దాడికి దిగుతుంది. పుండ్లు పడతాయి. నెత్తురు, జిగట పోతాయి. ఇది అంటుకునే జబ్బు కాదు. మందులతో అదుపులో ఉంటుంది కానీ, మళ్లీ మళ్లీ తిరగబెట్టవచ్చు. రోజూ మెసలమిన్ మాత్రలు, కొన్ని వారాలు స్టెరాయిడ్లు రాసిచ్చారు.

స్టెరాయిడ్లతో నెత్తురు ఆగింది. కానీ మొహం ఉబ్బింది. రాత్రంతా కళ్లు తెరుచుకునే ఉండేదాన్ని. చిన్న మాటకే కోపం, ఆ వెంటనే ఏడుపు. ఆ మందు నిద్రనీ మనసునీ కూడా తాకుతుందని అప్పుడు నాకు తెలియదు. నాకే ఏదో అయిందనుకున్నాను.

బస్సులో జరిగిన దానితో భయం పట్టుకుంది. ఎక్కడికి వెళ్లాలన్నా దారిలో బాత్రూమ్ ఎక్కడుందో ముందు లెక్కవేసుకోవాలి. పెట్రోల్ బంకులు, హోటళ్లు, తెలిసినవాళ్ల ఇళ్లు అన్నీ నోటికొచ్చాయి. పెళ్లిళ్లు మానేశాను. పెళ్లి సంబంధాలు వస్తే వద్దన్నాను. నాయిన పొలం పని ఆపుకుని రోజూ బండి మీద స్కూల్లో దింపేవాడు. "ఎక్కువ ఆలోచించకు బిడ్డా, టెన్షన్ పడితేనే కడుపు పాడైతది" అనేవాడు. ప్రేమతోనే అనేవాడు. నాకు మాత్రం ఈ జబ్బు నేను చేజేతులా తెచ్చుకున్నానని వినిపించేది.

రిపోర్టులు బాగానే ఉన్నాయి

2019 మధ్యలో డాక్టరు రిపోర్టులు చూసి సంతోషించారు. పేగు పుండ్లు మానుతున్నాయి. కానీ నేను బాగాలేను. భయం తగ్గలేదు. ఆకలి, నిద్ర పోయాయి. పిల్లల నోటుబుక్కులు దిద్దకుండా బల్ల మీద పేరుకుపోయాయి. తల దువ్వుకోవడం కూడా బరువైంది. రేపు పొద్దున లేవకపోతే బాగుండనిపించేది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

2020 మొదట్లో, ఏం లాభంలే అని మాత్రలు ఆపేశాను. రెండు నెలల్లో జబ్బు తిరగబెట్టింది. హిమోగ్లోబిన్ 7కు పడిపోయి ఆసుపత్రిలో చేర్చారు. అందరూ మాత్రలు ఎందుకు మానేశావని తిట్టారు. మానేసేంతగా మనసు ఎందుకు విరిగిందని మాత్రం ఎవరూ అడగలేదు.

ఇంటికి వచ్చి మంచానికే పరిమితమైన రోజులవి. ఆగస్టు 28న టీవీలో వార్త వచ్చింది. జపాన్ ప్రధాని షింజో అబే పదవి నుంచి తప్పుకుంటున్నారు. అల్సరేటివ్ కొలైటిస్ తిరగబెట్టిందట. చిన్న వయసు నుంచీ ఉన్న జబ్బే. 2007లోనూ దానితోనే ఏడాదికే దిగిపోయారు. కొత్త మందుతో కోలుకుని 2012లో మళ్లీ గెలిచి, ఆ దేశంలో అందరికన్నా ఎక్కువ కాలం ప్రధానిగా ఉన్నారు.

"నాయినా, ఆయనకూ నా జబ్బే" అన్నాను.

నాయిన టీవీ వైపే చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. "గంత పెద్ద మనిషికీ ఇదేనా? మరి నువ్వు తెచ్చుకున్నదని ఎట్లంటిమి బిడ్డా?" అన్నాడు. ఆయన గొంతు వణకడం అప్పుడే విన్నాను.

తర్వాతి నెల నాతోపాటు ఆసుపత్రికి వచ్చాడు. డాక్టరు నెత్తురు, విరేచనాల లెక్క రాసుకుని పెన్ను మూశారు. నాయిన తువ్వాలు చేతిలో నలుపుకుంటూ లేచి నిలబడ్డాడు.

"కడుపు సంగతి మీరు చూస్తున్నరు. నా బిడ్డ నవ్వక రెండేండ్లయింది సారూ. దానికేమన్న మందుందా?"

డాక్టరు మళ్లీ పెన్ను తీశారు. ఆ రోజే సైకియాట్రిస్టు దగ్గరికి పంపారు.

ఒక్కొక్క స్టాపు

"మీ పేగు పుండ్లను మీ మనసు పుట్టించలేదు" అని మొదటే చెప్పారు ఆ సైకియాట్రిస్టు మేడం. 1950లో ఫ్రాంజ్ అలెగ్జాండర్ అనే మానసిక విశ్లేషకుడు మనసులోంచి పుట్టేవంటూ లెక్కగట్టిన ఏడు జబ్బుల్లో ఇదీ ఉందట. ఆ సిద్ధాంతం నిలవలేదు. అయినా రోగిదే తప్పనే మాట ఇళ్లలో మిగిలిపోయింది. పేగుకు తన సొంత నాడీజాలం ఉంది. అందులో పది కోట్లకు పైగా నాడీకణాలు. వేగస్ నరం దాన్ని మెదడుతో కలుపుతుంది. వార్తలు రెండు వైపులా నడుస్తాయి. పేగు వాచినప్పుడు మనసు కుంగడంలో వింతేమీ లేదు. ఇలాంటి పేగు వాపు జబ్బులున్న వారిలో దాదాపు ముగ్గురిలో ఒకరికి ఆందోళన, నలుగురిలో ఒకరికి కుంగుబాటు లక్షణాలు ఉంటాయని ఆమె చెప్పినప్పుడు, మొదటిసారి నేను ఒంటరిని కాననిపించింది.

కుంగుబాటుకు మాత్ర ఇచ్చారు. పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందని, మధ్యలో ఆపొద్దని చెప్పారు. దానితోపాటు సీబీటీ అనే మాటల చికిత్స. నోటుబుక్కులో ఒకవైపు నా భయం, రెండోవైపు నిజంగా జరిగింది రాయాలి. తర్వాత బస్సు. మొదటివారం ఒక్క స్టాపు దూరం, బస్సు వెనకాలే నాయిన బండి. తర్వాత రెండు స్టాపులు. సంచిలో ఒక జత బట్టలు, తడి టిష్యూలు. ఆ సంచి విప్పాల్సిన అవసరం ఒక్కసారే వచ్చింది. వచ్చినా ఆకాశం విరిగిపడలేదు.

2021 మార్చిలో స్కూలు దాకా ఒక్కదాన్నే బస్సులో వెళ్లాను. హెడ్‌మాస్టర్‌కు జబ్బు పేరు చెప్పి, స్టాఫ్ బాత్రూమ్ తాళంచెవి ఒకటి నా దగ్గర ఉంచుకుంటానన్నాను. ఆయన అరనిమిషంలో తీసి ఇచ్చారు. అడగడానికే నాకు నాలుగేళ్లు పట్టింది.

జబ్బు పోలేదు. తర్వాత రెండుసార్లు తిరగబెట్టింది. మాత్రలు మాత్రం ఒక్కరోజూ ఆపలేదు.

మీ ఇంట్లో ఇలాంటి జబ్బుతో ఎవరైనా ఉంటే "ఏం తిన్నావు?" అని అడుగుతూనే ఉంటారు. "నిద్ర పడుతోందా? మనసెట్లా ఉంది?" అని కూడా అడగండి. బతకాలని లేదన్న మాట వినబడితే తేలిగ్గా తీసుకోకండి, వెంటనే సాయం తీసుకోండి. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు.