తంజావూరు నగరు: మారిన ఏలికలు, నిలిచిన తెలుగు

తంజావూరు కోటలోని రాజభవనాన్ని తమిళులు ‘అరణ్మనై’ అంటారు. మన పాత తెలుగు మాటలో చెప్పాలంటే అది ‘నగరు’. ఈ ఇంటిని కట్టించినవారు తెలుగు నాయకులు, పెంచినవారు మరాఠా భోసలేలు, చివరకు జప్తు చేసింది ఈస్టిండియా కంపెనీ. ఇన్ని చేతులు మారిన ఇంట్లో తెలుగు ఎలా నిలిచిందన్నదే ఇక్కడ పరిశీలించదగిన విషయం.

విజయనగర రాయల అధీనంలో 16వ శతాబ్దంలో సేవప్ప నాయకుడితో ఇక్కడ నాయక రాజ్యం మొదలయింది. రఘునాథ నాయకుడు స్వయంగా కవి. ‘విజయవిలాసం’ రచించిన చేమకూర వేంకటకవి ఆయన ఆస్థానంవాడే. ఆయన కుమారుడు విజయరాఘవుడి కొలువులో రంగాజమ్మ ‘మన్నారుదాస విలాసం’ రచించింది. ప్రజల భాష తమిళం, నగరు భాష తెలుగు. ఏలికల ఇంటిభాష కాబట్టి ఇందులో ఆశ్చర్యం లేదు.

ఆశ్చర్యం ఆ తరువాతిది. 1673లో మధుర చొక్కనాథ నాయకుడు దండెత్తి వచ్చాడు. ఆ పోరులో విజయరాఘవుడు మరణించాడు. కొన్నేళ్లకే బిజాపూరు సేనాని ఏకోజీ, అంటే ఛత్రపతి శివాజీ సవతి తమ్ముడు, తంజావూరును వశం చేసుకొన్నాడు. కచేరీలోకి మరాఠీ, మోడి లిపి వచ్చాయి. కాని ఏకోజీ కుమారుడు శాహజీ (1684–1712) తెలుగులో యక్షగానాలు రచించాడు. ఆయన ‘పంచభాషా విలాసం’లో తెలుగు మరో నాలుగు భాషల సరసన కూర్చుంది. ప్రతాపసింహుని కాలంలో ముద్దుపళని ‘రాధికాసాంత్వనం’ వెలువడింది.

దీనికి కారణం నాకు ఇలా తోస్తుంది. లెక్కల భాష ఏలికను అనుసరిస్తుంది. ఆటపాటల భాష మేళాన్ని అనుసరిస్తుంది. కత్తితో గెలిచినవాడు కొత్త రాయసగాళ్లను నియమించుకోగలడు గాని, తరతరాలుగా అభ్యసించిన సంగీతనాట్యాలను ఒక్కనాటిలో మార్చలేడు. నగరులో తెలుగును నిలిపినవారు నర్తకులు, గాయకులు, కవులు.

రాజ్యం మాత్రం జారిపోతూ వచ్చింది. 1773లో ఆర్కాటు నవాబు దాన్ని ఆక్రమించగా 1776లో తుళజాజీకి తిరిగి దక్కింది. 1799 ఒప్పందంతో రెండవ శరభోజీకి కోట, దాని పరిసరాలే మిగిలాయి. 1855లో రెండవ శివాజీ మగసంతానం లేకుండా మరణించిన తరువాత కంపెనీ ఆస్తినంతా స్వాధీనం చేసుకొంది. రాణి కామాక్షీబాయి దావా వేసింది. అది రాజ్యాధికార చర్య కాబట్టి న్యాయస్థానం విచారించజాలదని 1859లో ప్రీవీ కౌన్సిల్ తీర్పు చెప్పింది. ప్రభుత్వం తరువాత, 1862లో, సొంత ఆస్తులను వారసులకు విడిచిపెట్టింది. నగరులోని సరస్వతీ మహలు గ్రంథాలయం 1918లో ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. సంస్కృత, తమిళ, మరాఠీ ప్రతులతోపాటు తెలుగు ప్రతులూ అక్కడ భద్రంగా ఉన్నాయి.

భద్రంగా ఉండటం వేరు, వాడుకలో ఉండటం వేరు. తంజావూరుకు దగ్గరలోని మెలట్టూరులో నృసింహ జయంతి వేళ భాగవతమేళా తెలుగు నాటకాలను నేటికీ ఆడుతున్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తెలుగు అక్షరం నేర్వని కుటుంబాలు తమిళనాట ఎన్నో ఉన్నాయి. నగరు చరిత్ర వారికి చెప్పేది ఒక్కటే: పోయిన ఏలికల కోసం వగచి లాభం లేదు. ఆ ఇంట్లో తెలుగు బతికింది ఏలికల వల్ల కాదు, దానితో రోజూ పని ఉన్నవారి వల్ల.