ఒక్కసారి మెరిసి మాయమయ్యే చుక్కలు: కృత్తికల్లో జ్వాలా తారల లెక్క

జంషెడ్‌పూర్‌లోని సిద్ధగోరాలో కార్తీక, మార్గశిర మాసాల్లో రాత్రి పొద్దుపోయాక తలెత్తి చూస్తే కృత్తికలు దాదాపు నడినెత్తికి వస్తాయి. ఊరి అక్షాంశం 22.8 డిగ్రీలు. కృత్తికలు ఖగోళ మధ్యరేఖకు ఉత్తరంగా 24 డిగ్రీల దగ్గర ఉన్నాయి. తేడా డిగ్రీన్నర లోపే. విశాఖలోనో హైదరాబాదులోనో చూసేవారికి ఇదే గుంపు ఆరేడు డిగ్రీలు ఉత్తరానికి ఒరిగి కనిపిస్తుంది. కార్తీక మాసానికి పేరిచ్చిన చుక్కలివి. మన పల్లెల్లో పిల్లలకోడి అంటారు.

ఉక్కు పట్టణం దీపాల వెలుగులో కంటికి ఆనేవి ఐదారు చుక్కలే. అసలు గుంపులో వెయ్యికి పైగా నక్షత్రాలున్నాయి. దూరం సుమారు 440 కాంతి సంవత్సరాలు, వయసు పది పన్నెండు కోట్ల ఏళ్లు. 460 కోట్ల ఏళ్ల సూర్యుడి పక్కన పసిగుడ్లే. మనకు కనిపించే ఆ ఐదారూ పెద్ద నీలి నక్షత్రాలు. మిగిలినవాటిలో అత్యధికం సూర్యుడి కంటే చిన్నవి, చల్లనివి, ఎర్రనివి. ఈ మసక చుక్కల్లో ఏదో ఒకటి ఉన్నట్టుండి భగ్గుమంటుంది. కొన్ని నిమిషాల్లో, మహా అయితే గంటో రెండు గంటలో, మళ్లీ మామూలైపోతుంది. వీటినే ఫ్లేర్ స్టార్స్, అంటే జ్వాలా తారలు అంటారు.

ఈ మంటకు ఇంధనం అయస్కాంత క్షేత్రం. చిన్న నక్షత్రాల లోపల వేడి వాయువు కుతకుత ఉడుకుతూ కిందికీ పైకీ తిరుగుతుంటుంది. పైగా చిన్న వయసులో నక్షత్రం తన చుట్టూ తాను చాలా వేగంగా తిరుగుతుంది. ఈ రెండూ కలిసి అయస్కాంత రేఖలను మెలిపెడతాయి. మెలిక భరించలేనంత బిగిసినప్పుడు రేఖలు తెగి, కొత్తగా కలుసుకుని, దాచుకున్న శక్తిని ఒక్కసారిగా వదిలేస్తాయి. సూర్యుడి మీద కూడా ఇదే జరుగుతుంది. కానీ సూర్యుడి కాంతి ముందు ఆ మంట ఏపాటిది? ఎర్ర మరుగుజ్జు మీద లెక్క వేరు. దాని ఉపరితలం మూడు వేల డిగ్రీల చుట్టుపక్కల ఉంటే, జ్వాల పది వేల డిగ్రీల దాకా వెళ్తుంది. అందుకే నీలి, అతినీలలోహిత కాంతిలో చూస్తే చుక్క పదుల రెట్లు వెలిగినట్టు కనిపిస్తుంది. ఈ జాతికి నమూనాగా చెప్పే యూవీ సెటి మనకు దాదాపు తొమ్మిది కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. 1952లో అది 20 సెకన్లలో 75 రెట్లు ప్రకాశించింది.

ఏ చుక్క ఎప్పుడు మెరుస్తుందో తెలియనప్పుడు వెతకడం ఎలా? దీనికి మంచి ఉపాయం మెక్సికో నుంచి వచ్చింది. టొనాంట్‌జింట్లా అబ్జర్వేటరీలో పనిచేసిన గిజెర్మో హారో 1953లో విలియం మోర్గన్‌తో కలిసి ఒరాయన్ నెబ్యులా ప్రాంతంలో ఇలాంటి తారలను గుర్తించారు. ఆ దశాబ్దం చివర్లో అమెరికన్లు జాన్సన్, మిచెల్ కృత్తికల నక్షత్రాల కాంతిని కొలుస్తుండగా అక్కడా ఒక మెరుపు తగిలింది. ఆ తర్వాత హారో బృందం కృత్తికల మీద ఏళ్ల తరబడి కన్ను వేసింది. పద్ధతి చాలా సాదా. ఒకే ఫొటో ప్లేటు మీద పది, పదిహేను నిమిషాల చొప్పున ఐదారు సార్లు ఫొటో తీస్తారు. ప్రతిసారీ దుర్భిణిని పిసరంత పక్కకు జరుపుతారు. ప్లేటు కడిగి చూస్తే ప్రతి నక్షత్రం ఒక చుక్కల వరుసగా కనిపిస్తుంది, ముగ్గులో చుక్కల్లాగా. వరుసలో ఒక్క చుక్క మాత్రం లావుగా ఉంటే ఆ పది నిమిషాల్లో అక్కడ మంట లేచిందన్నమాట. ప్లేటు మీది మచ్చ ఒక చుక్కను లావు చేయగలదు కాబట్టి, పక్క చుక్కలో మెరుపు తగ్గుతున్న జాడ కూడా ఉందా అని చూసేవారు. కంప్యూటర్లు లేని రోజుల్లో, వేల వరుసలను భూతద్దంతో చూసిన పని అది.

హారో బృందం 1982లో ఇచ్చిన జాబితాలో కృత్తికల దిశలోని జ్వాలా తారలు ఐదు వందలు దాటాయి. కానీ అంతకు చాలా ముందే, పట్టుబడినవి కొద్దిగా ఉన్నప్పుడే, ఆర్మేనియాకు చెందిన విక్టర్ అంబర్త్‌సుమ్యాన్ అసలు ప్రశ్న వేశారు: ఇంకా మెరవని జ్వాలా తారలు ఎన్ని ఉన్నాయి?

చెరువు గట్టు మీద కూర్చుని ఎగిరే చేపలను చూస్తున్నామనుకోండి. ప్రతి చేపనూ గుర్తుపట్టగలం. చూసినవాటిలో చాలా చేపలు ఒక్కసారే ఎగిరి, కొద్ది చేపలే రెండోసారి ఎగిరితే, నీళ్లలో ఇంకా ఎన్నో ఉన్నాయని అర్థం. అవే చేపలు మళ్లీ మళ్లీ ఎగురుతుంటే చెరువులో ఉన్నవి దాదాపు అవే. అంబర్త్‌సుమ్యాన్ దీనికి లెక్క కట్టారు. ఒక్కసారే మెరిసినవాటి సంఖ్యను వర్గం చేసి, రెండుసార్లు మెరిసినవాటి సంఖ్యకు రెట్టింపుతో భాగించాలి. ఉదాహరణకు 50 ఒక్కసారి, 10 రెండుసార్లు మెరిస్తే, 2,500ను 20తో భాగిస్తే 125. అంటే చూసినవి 60 అయితే, చూడనివి దానికి రెట్టింపు పైనే. అన్ని తారలూ ఒకే వేగంతో మెరవవు కాబట్టి ఇది కనీస సంఖ్య మాత్రమే. ఈ లెక్కతో ఆయన తేల్చింది ఆ రోజుల్లో చిన్న మాట కాదు: కృత్తికల్లోని మసక నక్షత్రాల్లో దాదాపు అన్నీ జ్వాలా తారలే. మెరవడం కొన్ని వింత చుక్కల జబ్బు కాదు, చిన్న నక్షత్రాలన్నీ దాటే ఒక వయసు.

ఇతర గుంపులను పోల్చినప్పుడు ఇదే బలపడింది. పది, ఇరవై లక్షల ఏళ్ల ఒరాయన్‌లో కొంచెం పెద్ద, నారింజ రంగు నక్షత్రాలు కూడా మండుతున్నాయి. అరవై, డెబ్బై కోట్ల ఏళ్లు దాటిన హయడీస్‌లో, అంటే రోహిణి వెనకనున్న గుంపులో, బాగా ఎర్రని చిన్న తారలకే ఆ అలవాటు మిగిలింది. కాబట్టి ఒక గుంపులో మండుతున్నవాటిలో అతిపెద్ద నక్షత్రం ఏదో చూసి గుంపు వయసు ఊహించవచ్చు.

చిక్కల్లా, కృత్తికల దిశలో మెరిసిందల్లా కృత్తికల చుక్క కాదు. దారిలో అడ్డున్న పరాయి తార కావచ్చు. గుంపు సభ్యులన్నీ ఆకాశంలో ఒకే వైపు జరుగుతుంటాయి కనుక, దశాబ్దాల తేడాతో స్థానాలు కొలిస్తే పరాయివి బయటపడతాయి. ఇలాంటి స్థానాల కొలతలో హైదరాబాదు వాటా ఉంది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ నెలకొల్పిన, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికి వచ్చిన నిజామియా అబ్జర్వేటరీ, ఆకాశాన్ని దేశాలు పంచుకుని ఫొటో తీసిన అంతర్జాతీయ కార్యక్రమంలో రెండు పట్టీలను కొలిచింది. కృత్తికలున్న భాగం ఆ పట్టీల్లోకి రాలేదు. అయినా ఆ కార్యక్రమపు పాత కొలతలే 2000లో వెలువడిన టైకో-2 జాబితాలో పాతిక లక్షల నక్షత్రాల కదలికలు చెప్పడానికి ఆధారమయ్యాయి. ఇప్పుడు ఆ పని గాయా ఉపగ్రహం ఎంతో సూక్ష్మంగా చేసిపెట్టింది.

2015లో కెప్లర్ దుర్భిణి కృత్తికలను రెండు నెలలకు పైగా రెప్పవేయకుండా చూసింది. అయితే ఎక్కువ నక్షత్రాలకు అరగంటకో కొలత మాత్రమే దొరికింది. పది నిమిషాల్లో ముగిసే మెరుపులు అందులో కరిగిపోయాయి. 2021లో టెస్ ఉపగ్రహం పది నిమిషాలకో చిత్రం చొప్పున ఇదే గుంపును తీసింది.

ఈ లెక్క గ్రహాలకూ వర్తిస్తుంది. ఎర్ర మరుగుజ్జుల చుట్టూ రాతి గ్రహాలు చాలానే దొరుకుతున్నాయి. అవి నక్షత్రానికి బాగా దగ్గరగా తిరుగుతాయి. మనకు అతి సమీపంలోని ప్రాక్సిమా సెంటారీ 2016 మార్చిలో ఒక్క మంటలో దాదాపు 68 రెట్లు వెలిగింది. దానికీ భూమి అంత గ్రహం ఉంది. అలాంటి దెబ్బలు కోట్ల ఏళ్లు తగిలితే వాతావరణం నిలుస్తుందా అన్నది ఇంకా తేలని వాదం.

సిద్ధగోరా మేడ మీద చిన్న దుర్భిణితో కృత్తికల మసక చుక్కలు పట్టడం కష్టం. సింహరాశిలోని ఏడీ లియోనిస్ మాత్రం అందుతుంది. 16 కాంతి సంవత్సరాల దూరం, తొమ్మిదో తరగతి కాంతి. నీలి ఫిల్టరు పెట్టి, నిమిషానికో ఫొటో చొప్పున, పక్క చుక్కలతో పోలుస్తూ రాత్రంతా తీయాలి. కృత్తికలే కావాలనుకునేవారికి టెస్ తీసిన చిత్రాలు ఇంటర్నెట్‌లో ఎవరికైనా ఉచితం. ల్యాప్‌టాప్ ఉంటే చాలు, మబ్బు పట్టిన రాత్రి కూడా వెతకవచ్చు.