ఢిల్లీ చేతుల్లో అమెరికా బండి: ఎనభై ఏళ్ల సింహావలోకనం

మన దేశంలో అమెరికా కారు షోరూములో పుట్టి షెడ్డులో పెరిగింది. 1926లో ఫోర్డ్, 1928లో జనరల్ మోటార్స్ ఇక్కడ అనుబంధ కంపెనీలు పెట్టి, విడిభాగాలను ఓడల్లో తెప్పించి, రేవు పట్నాల్లో బండ్లు బిగించడం ప్రారంభించాయి. తెలుగు జిల్లాల మట్టిరోడ్ల మీద దుమ్ము రేపిన తొలితరం ప్రైవేటు బస్సుల్లోనూ ఫోర్డ్, షెవర్లే ఛాసిస్‌లు ఎన్నో ఉండేవి. అయితే ఆ రోజుల్లో కారు కొనగలిగిన జమీందారుకు గానీ, దొరకు గానీ బానెట్ ఎత్తి చూడాల్సిన అగత్యం లేదు. బండి మొరాయిస్తే డ్రైవరు చూసుకునేవాడు, అతని వల్ల కాకపోతే కంపెనీ వర్క్‌షాపు ఉండనే ఉంది. అమెరికా బండిని సొంతంగా విప్పి, కోసి, అతికి, మరో రూపమిచ్చే విద్య ఢిల్లీకి రెండో ప్రపంచ యుద్ధం వెనకాల వచ్చింది.

1945లో యుద్ధం ముగిసేసరికి మన దేశంలో అమెరికా సైన్యం సామగ్రి గుట్టలుగా మిగిలిపోయింది. విల్లీస్ జీపులు, డాడ్జ్ ట్రక్కులు, హార్లే డేవిడ్‌సన్ డబ్ల్యూఎల్ఏ మోటారు సైకిళ్లు 'డిస్పోజల్స్' పేరిట వేలానికొచ్చాయి. రెండేళ్లు తిరక్కముందే దేశ విభజన. పశ్చిమ పంజాబు నుంచి కట్టుబట్టలతో ఢిల్లీ చేరిన కుటుంబాలకు తలదాచుకునే చోటుతోపాటు బతుకుతెరువూ కావాలి. ఊరు నాలుగు వైపులా పెరుగుతోంది, బస్సులు చాలడం లేదు. ఆ అవసరంలోంచి పుట్టిందే ఫట్‌ఫటీ. 45 క్యూబిక్ అంగుళాల, అంటే సుమారు 740 సీసీల వీ-ట్విన్ హార్లే ఇంజనును ముందు ఉంచి, వెనక చక్రం ఊడదీసి, దాని చోట రెండు చక్రాల ఇరుసు వేసి, పైన ఇనుమూ చెక్కా కలిపి సీట్లు కట్టారు. సైనికుడొక్కడు ఎక్కాల్సిన బండి మీద ఆరుగురు, ఎనిమిది మంది దాకా ఎక్కారు. చాందినీ చౌక్ నుంచి కనాట్ ప్లేస్ వరకు దశాబ్దాల తరబడి గుమాస్తాలనూ, కొట్లవాళ్లనూ, విద్యార్థులనూ మోసింది ఈ బండే. దానికి డ్రాయింగు గీసిన ఇంజనీరంటూ ఎవరూ లేరు. సర్దార్జీ డ్రైవర్లూ, వెల్డింగు మిస్త్రీలూ కలిసి చేసిన సృష్టి అది.

సరిగ్గా ఆ కాలంలోనే కాలిఫోర్నియాలోనూ యుద్ధం నుంచి తిరిగొచ్చిన కుర్రాళ్లు ఇంటి గ్యారేజీల్లో 1932 నాటి ఫోర్డ్ వీ-8 కార్లను విప్పుతున్నారు. మడ్‌గార్డులు పీకేసి, ఇంజన్లకు పదును పెట్టి, ఎండిన సరస్సుల మీద పందేలు కట్టారు. 1948లో 'హాట్ రాడ్' పత్రిక, 1951లో పందేలకు ఒక జాతీయ సంఘం వచ్చాయి. పనిముట్లు దాదాపు ఒకటే, యుద్ధం నేర్పిన విద్యా ఒకటే. వాళ్లు బరువు తగ్గించి వేగం పెంచారు. మనవాళ్లు వేగాన్ని వదులుకుని బరువు మోయించారు. ఢిల్లీ బండ్ల కథలో చివరిదాకా కనిపించే తేడా ఇది.

జీపు కథ కొంచెం వేరు. 1947లో మహీంద్రా వారు జీపుల విడిభాగాలు దిగుమతి చేసుకున్నారు, 1949 నుంచి బొంబాయిలో బిగించడం మొదలుపెట్టారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఇక్కడ తయారైన జీపుల పెట్రోలు ఇంజను, యుద్ధకాలపు అరవై గుర్రాల విల్లీస్ ఇంజనుకు వారసురాలే. బోరూ స్ట్రోకూ అవే. అందుకే పాత విల్లీస్‌కు సామాను దొరకని రోజంటూ రాలేదు. ఈనాటికీ ఢిల్లీ చుట్టుపక్కల ఇంట్లో మొదటిసారి స్పానరు పట్టేవాడు జీపుతోనే మొదలుపెడతాడు. నా దృష్టిలో అది తెలివైన పని.

కార్లకు మాత్రం 1950ల నడిమిలో దారులు మూసుకుపోయాయి. టారిఫ్ కమిషన్ 1953లో, ఇక్కడ తయారీకి పూనుకోని కంపెనీలకు బిగింపు పని ఇక చెల్లదన్నది. ఫోర్డ్, జనరల్ మోటార్స్ సర్దుకుని వెళ్లిపోయాయి. ప్రీమియర్ వారి డాడ్జ్, ప్లిమత్, డిసోటో కార్లు కొన్నాళ్లు నడిచాయి. ఆ తర్వాత ఢిల్లీకి కొత్త అమెరికా కారు వచ్చే దారి దాదాపు ఒక్కటే మిగిలింది: చాణక్యపురి రాయబార కార్యాలయాలు. బదిలీ మీద వెళ్లే దౌత్యవేత్త వదిలిన కారు స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ ద్వారా చేతులు మారేది. మన సినిమాల్లో డబ్బున్న మామగారి గుమ్మం ముందు నిలబడే ఇంపాలాల్లాంటివి ఊళ్లోకి అడుగుపెట్టిన దారి ఇదే.

1964 ఏప్రిల్‌లో న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనలో ఫోర్డ్ మస్టాంగ్ తెర మీదికి వచ్చింది. అదే సంవత్సరం మోడల్‌గా పాంటియాక్ జీటీవో, 6.4 లీటర్ల ఇంజనుతో, 'మజిల్ కారు' యుగానికి తలుపు తీసింది. ఢిల్లీలో ఆ సంవత్సరమే 'స్టేట్స్‌మన్' పత్రిక తన తొలి వింటేజ్ కార్ల ర్యాలీ నడిపింది. డెట్రాయిట్ గుర్రపుశక్తి లెక్కలు పెంచుకుంటుంటే, ఢిల్లీ పాతదాన్ని పాతదిగా నిలబెట్టడానికి మార్కులు వేయడం నేర్చుకుంది. అసలు కార్బురేటరేనా, అసలు దీపాలేనా అని న్యాయనిర్ణేతలు వంగి చూసే అలవాటు అప్పుడు మొదలైంది. ర్యాలీ కోసం ఏడాదికోసారైనా బండి కదలాలి కాబట్టి, ఎన్నో ఇళ్లలో తండ్రి చేతి పని కొడుకు చేతికి వచ్చింది.

1973 చమురు సంక్షోభం ఈ ఉత్సాహాన్ని కుదిపేసింది. పెట్రోలు ధర పెంపుకు నిరసనగా వాజపేయి ఎడ్లబండి మీద పార్లమెంటుకు వచ్చిన ఏడాది అది. లీటరుకు నాలుగైదు కిలోమీటర్లు మాత్రమే ఇచ్చే వీ-8 కారు ఇంటి ముందు ఉంటే పరువు, నడిపితే దివాలా. ఎందరో అసలు ఇంజను దింపేసి డీజిలు ఇంజను ఎక్కించారు. ఫట్‌ఫటీల్లోనూ చాలా వాటికి హార్లే గుండె పోయి పంపుసెట్టు రకం డీజిల్ ఇంజను వచ్చింది. ఈనాటి సేకర్తలు ఆ పనిని పాపమంటారు గానీ, ఆ డీజిలు ఇంజనే లేకపోతే ఆ కార్ల బాడీలు ఎప్పుడో తుక్కులో కరిగిపోయేవి. పాత అమెరికా బండిని అవసరానికి తగ్గట్టు మలచుకోవడంలో మన తెలుగువాళ్లూ ఏమీ తీసిపోలేదు. 1982లో ఎన్టీ రామారావు ఊరూరా తిరిగిన చైతన్య రథం ఓ పాత షెవర్లే వ్యాను రూపాంతరమే, దాని స్టీరింగు పట్టింది హరికృష్ణ.

ఇంట్లో జరిగే ఈ పనిని కాస్త దగ్గరగా చూడాలి. 1960ల ఇంపాలా ఒకటి ఇరవయ్యేళ్లు కదలకుండా ఉందనుకోండి. దాని 283 క్యూబిక్ అంగుళాల వీ-8లో పిస్టన్లు సిలిండర్లకు పట్టేసి ఉంటాయి. ప్లగ్గులు తీసి, రంధ్రాల్లో డీజిలూ ఇంజనాయిలూ కలిపి పోసి రోజుల తరబడి నాననిస్తారు. తర్వాత క్రాంకు చివరి బోల్టుకు పొడవాటి పానా తగిలించి, అంగుళం ముందుకూ అంగుళం వెనక్కూ కదుపుతారు. ఇక్కడ తొందరపడ్డవాడికి కనెక్టింగ్ రాడ్లు మిగలవు. బ్లాకు విడివడ్డాక బోరింగుకు, స్లీవులు దించడానికి ఖరాదు మిస్త్రీ దగ్గరికి వెళ్లాలి. గాస్కెట్లు, బేరింగుల కోసం కశ్మీరీ గేటు బజారు. అక్కడ లేనివాటికి మాయాపురి తుక్కు బజారు. అక్కడా దొరకకపోతే అమెరికా నుంచి వచ్చే బంధువుల సూట్‌కేసు. బాడీకి చిల్లులు పడితే ఇసుక సంచి మీద రేకు పెట్టి చెక్క సుత్తితో వంపు తీసే ముసలి డెంటరు దొరకాలి, అతను దొరకడం ఇంజను దొరకడం కన్నా కష్టం. యాభైల తొలినాళ్ల బండ్లలోని ఆరు వోల్టుల కరెంటును పన్నెండుకు మార్చడం దాదాపు ప్రతివాళ్లూ చేసే పని. ఎడమ స్టీరింగు బండికి చట్టప్రకారం ఇండికేటర్లు పనిచేస్తూ ఉండి తీరాలి.

1983 డిసెంబరులో గుర్గావ్ నుంచి తొలి మారుతి బయటికొచ్చాక ఎన్సీఆర్ (జాతీయ రాజధాని ప్రాంతం) ముఖమే మారింది. చిన్న ఇంజన్లు, చిన్న పానాలు, కొత్త తరం మెకానిక్కులు. ఫరీదాబాద్, గుర్గావ్‌లలో విడిభాగాల కర్మాగారాలు పెరిగేకొద్దీ, బయట దొరకని భాగాన్ని నమూనా చూపి కొత్తగా చేయించుకునే వీలూ పెరిగింది. 1998లో ఢిల్లీ కాలుష్యం కేసులో సుప్రీంకోర్టు ఆదేశాలు పాత వాణిజ్య వాహనాలను రోడ్డు దించాయి. ఫట్‌ఫటీలు పోయాయి. 'ఫట్‌ఫట్ సేవ' అనే పేరు మాత్రం వ్యాన్లకు మిగిలింది. చిత్రమేమంటే, హార్లే కంపెనీ 2011 నుంచి ఎన్సీఆర్‌లోనే, హర్యానాలోని బావల్‌లో బండ్లు బిగించి 2020లో ఆపేసింది. ఫోర్డ్ మళ్లీ వచ్చి, 2016లో మస్టాంగ్‌ను మనకు అమ్మి, 2021లో తయారీకి స్వస్తి చెప్పింది. కంపెనీలు వచ్చి వెళ్లాయి, పాత బండ్లు ఊరు దాటలేదు.

ఇటీవలి దశాబ్దంన్నర పాత బండికి గౌరవమూ గండమూ కలిసొచ్చిన కాలం. 2011లో పాత కార్ల '21 గన్ సెల్యూట్' పోటీలు మొదలయ్యాయి. 2013లో నూహ్ జిల్లా తావడూలో తరుణ్ ఠక్రాల్ హెరిటేజ్ ట్రాన్స్‌పోర్ట్ మ్యూజియం తెరిచారు. మరోవైపు పదేళ్లు దాటిన డీజిలు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లు ఎన్సీఆర్ రోడ్ల మీద తిరగరాదన్న హరిత ట్రిబ్యునల్ ఆదేశాన్ని 2018లో సుప్రీంకోర్టు నిలబెట్టింది. 2021 జూలైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మారని రెండు, నాలుగు చక్రాల బండ్లకే ఆ హోదా. కొత్త రిజిస్ట్రేషనుకు 20,000 రూపాయలు, పదేళ్ల తర్వాత పునరుద్ధరణకు 5,000. రోజువారీ ప్రయాణానికి వీల్లేదు.

నిబంధన మంచిదే, ఆలస్యంగానైనా వచ్చింది. లోపం ఒక్కటే. ఢిల్లీ సొంత ప్రతిభకు నిలువెత్తు సాక్ష్యమైన ఫట్‌ఫటీ ఈ లెక్కలో వారసత్వం కిందికి రాదు. దానికి మూడు చక్రాలు, పైగా దానిలో ఏదీ మొదట ఉన్నట్టు లేదు. మార్పునే చరిత్రగా కలిగిన బండ్లకు, అవి ఏ కాలంలో ఎందుకు మారాయో నమోదు చేసి, వేరే తరగతి కల్పించాలి.

ఈలోగా పాఠకులకొక మనవి. మీ తాతగారి కాలం నాటి జీపో, షెవర్లేయో ఊళ్లో పశువుల కొట్టం పక్కన పడి ఉంటే, తుక్కువాడికి ధర చెప్పే ముందు దాని ఆర్సీ పుస్తకం కోసం ట్రంకుపెట్టెలు వెతకండి. ఆ పుస్తకం ఉంటే, యాభై ఏళ్లు దాటిన ఆ బండి పాత నంబరునే నిలుపుకుని వింటేజ్‌గా నమోదయ్యే వీలుంది.