ఏడాది ఊరు, ఏడాది ఎడో

ఒకప్పటి జపాన్ సంస్థానాధీశుణ్ణి దైమ్యో అంటారు. కనీసం 10,000 కోకుల రాబడి ఉన్నవాడికే ఆ హోదా. కోకు అంటే సుమారు 180 లీటర్ల బియ్యం, ఒక మనిషికి ఏడాది తిండి. కనజావా కోట నుంచి కగా సంస్థానాన్ని ఏలిన మయేదా వంశం రాబడి 10 లక్షల కోకుల పైమాటే. దైమ్యోల్లో అంతటి కలిగినవాళ్లు మరొకరు లేరు. అయినా సొంత ఊళ్లో పెళ్లాం బిడ్డలతో కాపురం చేసే యోగం మాత్రం వాళ్లకు లేకపోయింది.

ఈ కథ 1600లో మొదలైంది. అంతకు ముందు ఏడాదే ఆ వంశపు పెద్ద మయేదా తొషిఇయే పోయాడు. ఆయన కొడుకు తొషినాగ కుట్ర పన్నుతున్నాడని, తర్వాత షోగన్ (దేశాన్నేలే సేనాధిపతి) అయిన తొకుగావా ఇయెయాసుకు అనుమానం. యుద్ధం తప్పించడానికి తల్లి మత్సు తానే బందీగా ఎడోకు, అంటే నేటి టోక్యోకు, వెళ్లింది. 14 ఏళ్లు అక్కడే ఉంది. 1614లో కొడుకు పోయాకగానీ ఆ తల్లి ఇంటిముఖం చూడలేదు.

ఇలాంటి బందీల ఆనవాయితీ పక్కనే 1635లో తొకుగావా వంశపు మూడో షోగన్ ఇయెమిత్సు శాసనం వచ్చి చేరింది. దైమ్యో ఏడాది ఎడోలో కొలువు చేయాలి, ఏడాది సంస్థానంలో ఉండాలి. భార్యా, వారసుడూ ఎడో కదలకూడదు. దాంతో వారసులు చాలామంది ఎడోలోనే పుట్టి పెరిగి, గద్దెనెక్కాకే తాము ఏలాల్సిన గడ్డను మొదటిసారి చూసేవాళ్లు! ఎడో దారిలోని హకొనే తనిఖీ కేంద్రంలో ఎడో దాటే ఆడవాళ్ల మీదే కాపలావాళ్ల కన్ను. సోదా చేసే ఆడమనిషి వాళ్ల కొప్పు విప్పించి, జుట్టులో వెతికి, అనుమతి పత్రంలోని ఆనవాళ్లతో సరిచూసేది. దైమ్యో భార్య పారిపోతోందంటే తిరుగుబాటు రాబోతున్నట్టే లెక్క.

దైమ్యోల ఖజానా ఖాళీ చేయడానికే షోగన్ ఈ ఎత్తు వేశాడని చాలామంది రాస్తారు. నాకది సగం నిజమే అనిపిస్తుంది. ఎడోకు వెంట తెచ్చే పరివారం మరీ పెరిగిపోయింది, జనానికి భారం, తగ్గించుకోండని ఆ 1635 శాసనమే చెప్పింది. విన్నదెవరు? కగా ఊరేగింపులో ఒక దశలో 4,000 మంది దాకా నడిచారు. కనజావా నుంచి ఎడోకు సుమారు 480 కిలోమీటర్లు, 12, 13 రోజుల దారి. అంతమందికీ తిండి, బస, కూలి! పక్క సంస్థానం కంటే తీసిపోకూడదన్న పంతమే వాళ్లను అప్పుల్లోకి దించింది.

1862లో ఈ నియమం సడలించి, భార్యాబిడ్డల్ని ఇళ్లకు పోనిచ్చారు. షోగన్ల పాలన పోయాక వచ్చిన కొత్త ప్రభుత్వం 1871లో సంస్థానాలనే రద్దు చేసింది. ఆ వెంటనే మాజీ దైమ్యోలందరూ వచ్చి టోక్యోలోనే కాపురం ఉండాలని ఆజ్ఞ వేసింది.