పిల్లి రక్కుతోందా? గోళ్లు తీయించే ఆలోచన వద్దు.. ఇలా చేస్తే చాలు!

బూర్గంపాడు: గోదావరి ఒడ్డున ఉన్న బూర్గంపాడు లాంటి ఊళ్లలో ధాన్యం నిల్వ ఉన్న ఇంటికి ఎలుకల బెడద తప్పదు. అందుకే పిల్లి కూడా ఇంట్లో మనిషే. ఎలుకను పట్టాలన్నా, వీధికుక్క తరిమితే చెట్టెక్కాలన్నా దానికి గోళ్లే దిక్కు. అవే గోళ్లు పిల్లల చేతుల మీద, సోఫా మీద పడితేనే చిక్కు. అలాగని ఆపరేషన్ చేయించి గోళ్లు తీసేయొచ్చా?

డీక్లాయింగ్ అంటే..

ఇది గోళ్లు కత్తిరించడం కాదు. పిల్లి గోరు వేలి చివరి ఎముక నుంచి పెరుగుతుంది. మళ్లీ రాకుండా ఉండాలంటే ఆ ఎముకనే కోసేయాలి. మనిషికైతే ప్రతి వేలూ చివరి కణుపు దాకా తీసేసినట్టే! ఆ తర్వాత ఏళ్ల తరబడి నొప్పి ఉండొచ్చు. రక్కలేని పిల్లి కరవడం మొదలుపెట్టొచ్చు. బయట తిరిగే పిల్లికైతే కుక్కల నుంచి తప్పించుకునే దారే ఉండదు.

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం 2019లో, మేరీల్యాండ్ 2022లో దీన్ని నిషేధించాయి. వైద్య అవసరం ఉంటేనే మినహాయింపు. మన దగ్గర 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం సెక్షన్ 11 ప్రకారం జంతువుల అవయవాలను ఛిద్రం చేయడం నేరం.

ఇంట్లోనే ఇలా..

* పిల్లికి సాధారణంగా 18 గోళ్లు. ముందు కాళ్లకు ఐదేసి, వెనక కాళ్లకు నాలుగేసి.
* పిల్లి నిద్రమత్తులో ఉన్నప్పుడు పాదాన్ని మెల్లగా నొక్కితే గోరు బయటికొస్తుంది.
* లోపల కనిపించే గులాబీ రంగు భాగంలో రక్తనాళం, నరం ఉంటాయి. దాన్ని తాకకుండా తెల్లటి కొన మాత్రమే కత్తిరించాలి.
* పిల్లుల కోసం అమ్మే పదునైన కత్తెర వాడాలి. మొద్దుబారింది అయితే గోరు చీలిపోతుంది.
* రక్తం వస్తే కాస్త కార్న్‌ఫ్లోర్ అద్ది, శుభ్రమైన గుడ్డతో కొన్ని నిమిషాలు నొక్కి పట్టాలి. ఆగకపోతే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాలి.
* అన్నీ ఒకేరోజు అవ్వాలని లేదు. రోజుకు రెండు మూడు చాలు. బలవంతంగా అదిమి పట్టుకోవద్దు.

ఇంట్లోనే ఉండే పిల్లికి రెండు మూడు వారాలకోసారి కత్తిరించాలి. బయట తిరిగేదానికి గోళ్లు వాటంతటవే అరుగుతాయి, పైగా దానికి అవి కావాలి. ముసలి పిల్లుల గోళ్లు వంకర తిరిగి పాదంలోకి దిగొచ్చు, తరచూ చూస్తుండాలి.

సోఫా బతకాలంటే..

గీకడం పిల్లికి అల్లరి కాదు, అవసరం. గోరు పైపొర ఊడేది అలాగే. కదలని మూడడుగుల కర్రకు కొబ్బరి తాడు గానీ, గోనె సంచి గానీ గట్టిగా చుట్టి, అది రోజూ గీకే చోటే పెట్టండి. తిట్టినా కొట్టినా ఉపయోగం లేదు, భయపడి ఇంకో మూల వెతుక్కుంటుంది.

రక్కితే లైట్ తీసుకోవద్దు

పిల్లుల నుంచి కూడా రేబిస్ వస్తుంది. గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడగాలి. సున్నం, కారం, పసుపు లాంటివి పూయొద్దు. రక్తం రాకపోయినా సరే, అదేరోజు ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకోవాలి. టీకా ఎన్ని డోసులో డాక్టరే చెబుతారు. పిల్లికి కూడా ఏటా రేబిస్ టీకా వేయించడం మర్చిపోవద్దు.