సికింద్రాబాద్ కిటికీకి గాజు వచ్చిన కథ

గాజు రాకముందు దక్కను ఇళ్లలో కిటికీ అంటే చువ్వలు, చెక్క రెక్కలే. రెక్క మూస్తే దుమ్ము, వాన ఆగేవి, వాటితోపాటు వెలుగూ ఆగేది. నడుమ ఆకాశం కనిపించే భవంతి ఇళ్లకు వెలుతురు పైనుంచి వచ్చేది కాబట్టి ఆ లోటు పెద్దగా తెలియలేదు. మూడో నిజాం సికిందర్ జా పేరిట 1806లో వెలసిన సికింద్రాబాద్‌లో ఇల్లు వేరే తీరున పెరిగింది. కంటోన్మెంట్ బంగళాకు నడిమి వాకిలి లేదు, చుట్టూ వరండా ఉండేది. వెలుతురంతా గోడల్లోంచే రావాలి.

అప్పటి గాజు చిన్న ముక్కల్లోనే దొరికేది. కరిగిన గాజును ఊది, గిరగిరా తిప్పి పళ్లెంలా పరిచి, ఆ పళ్లెం నుంచి పలకలు కోసేవారు. 1830ల నుంచి ఇంగ్లండులో పొడవాటి గొట్టంగా ఊది, నిలువునా చీల్చి, కొలిమిలో చదును చేసే పద్ధతి ఊపందుకుంది. 1845లో అక్కడ గాజు మీద సుంకం ఎత్తేయడంతో ధర దిగింది. 1874లో వాడి జంక్షన్ నుంచి రైలు సికింద్రాబాద్ చేరాక, పగిలిపోయే ఈ సరుకును తెప్పించుకోవడం తేలికైంది.

బంగళా కట్టినవారి తెలివి గాజును ఎక్కడ పెట్టారన్న దాంట్లో కనిపిస్తుంది. వరండా వేసే నీడకు పైన, కప్పు దగ్గర వెంటిలేటర్ ఉండేది. నడుమ ఇరుసు మీద తిరిగే గాజు రెక్కను కింది నుంచి తాడుతో లాగి, కొస గోడ మేకుకు చుట్టేవారు. కిటికీ పైఅంచు ఎత్తుకు రెండు, రెండున్నర రెట్ల దూరం వరకే పగటి వెలుగు పనికొచ్చేంతగా లోపలికి చేరుతుంది. ఏడడుగుల కిటికీ గదిలో పదిహేను అడుగుల దాకా వెలుగిస్తే, పన్నెండడుగుల ఎత్తున్న వెంటిలేటర్ దాదాపు ముప్పై అడుగుల దాకా పంపగలదు. అపార్టుమెంట్లలో కప్పు దిగడంతో ఈ ఏర్పాటు పోయింది. నగరం పోగొట్టుకున్న మంచి అలవాట్లలో ఇదొకటి.

కరిగిన తగరం మీద గాజును తేలించి పలకగా చేసే ఫ్లోట్ పద్ధతిని పిల్కింగ్టన్ సంస్థ 1959లో ప్రకటించింది. పాత గాజులోని అలలు, బుడగలు దీంతో పోయాయి. తెల్లటి ఫ్లోట్ గాజు, ఆరు మిల్లీమీటర్ల మందంలో, కనిపించే వెలుగులో 88 శాతం దాకా వదులుతుంది. రెండు ముఖాల దగ్గరా నాలుగేసి శాతం వెనక్కి పోతుంది. అంచు పచ్చగా కనబడేది ఇసుకలోని ఇనుము వల్ల. దుమ్ము పేరుకుంటే వచ్చే వెలుగు ఇంకా తగ్గుతుంది.

ఇబ్బందల్లా వేడితోనే. ఎండలోని శక్తిలో దాదాపు సగం కంటికి కనిపించని పరారుణ కిరణాలు. తెల్లగాజు వాటిలో చాలా భాగాన్ని లోపలికి రానిస్తుంది, వేడెక్కిన గోడలు, సామాను వెదజల్లే వేడిని మాత్రం నేరుగా బయటికి పోనివ్వదు. అందుకే అల్యూమినియం స్లైడింగ్ కిటికీలతో గోధుమరంగు గాజు, నల్ల ఫిల్మ్ వచ్చాయి. గోధుమరంగు గాజు సగం వెలుగునే మింగేస్తుంది. పట్టపగలు ట్యూబ్‌లైటు వేసుకోవలసి రావడం ఆ చల్లదనానికి పెద్ద వెలే.

సికింద్రాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారంలో, మళ్లీ ఆగస్టు మొదట్లో మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి వస్తాడు. దక్షిణ కిటికీకి ఆ వేళ చిన్న సజ్జ చాలు. వాలు ఎండ తగిలే పడమటి కిటికీకి సజ్జ చాలదు, బయట తెరో చెట్టో కావాలి. కనిపించే వెలుగును వదిలి పరారుణాన్ని వెనక్కి కొట్టే సన్నని లోహపు పూత గాజులు ఇప్పుడు దొరుకుతున్నాయి. ఇళ్లలో ఇంధన పొదుపు కోసం 2018లో వచ్చిన నియమావళి ఎకో నివాస్ సంహిత, గోడలో కిటికీల వాటా 30 శాతం లోపున్న ఇళ్లలో, గాజు కనీసం 27 శాతం వెలుగు వదలాలని చెబుతోంది.