ఎర్ర బకెట్ల నుంచి సెక్యూరిటీ పాఠం దాకా

మన బడి సైన్స్ ల్యాబు బయట నాలుగు ఎర్ర బకెట్లు కొక్కేలకు వేలాడుతుండేవి. వాటి మీద తెల్లరంగుతో ‘ఫైర్’ అని రాసి ఉండేది. లోపల ఇసుక ఉండాలి. మా రోజుల్లో మాత్రం సుద్దముక్కలు, రేగిగింజలు, ఒకసారి ఎవరిదో తెగిన హవాయి చెప్పు కూడా ఉన్నాయి. ఆ ఇసుక ఎందుకో ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు. 1986లో పదో తరగతి రాసి బయటపడ్డాం.

ఏడేళ్ల తర్వాత ఇంజనీరుగా ఒక కర్మాగారంలో చేరాను. ఒక రాత్రి షిఫ్టులో ఎలక్ట్రికల్ ప్యానెల్ అంటుకుంది. చేతికందిన నీళ్ల బకెట్ ఎత్తాను. గేటు దగ్గరి గార్డు పరుగెత్తుకొచ్చి, "సార్, కరెంటు!" అని అరుస్తూ నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. మెయిన్ ఆపించి, కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ తెచ్చి, పిన్ను లాగి మంట మొదట్లోకి కొట్టాడు. నిమిషంలో అంతా అయిపోయింది. ఆయన చదివింది పదో తరగతి. కాంట్రాక్టు మనిషి. మర్నాడు రిపోర్టు నేనే రాశాను. ‘సిబ్బంది సకాలంలో స్పందించారు’ అని రాసి సంతకం పెట్టాను. ఆయన పేరు రాయలేదు. కాంట్రాక్టు వాళ్ల పేర్లు రాసే అలవాటు అక్కడ లేదు. రాయాలన్న ఆలోచన నాకూ రాలేదు.

ఈ స్వర్ణోత్సవ సంచికకు వృత్తి విద్య మీద ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు ముందుగా ఆయనే గుర్తొచ్చాడు. పదిమందిని కాపాడే పనిని మన దేశంలో బడులు ఎప్పుడైనా ఒక వృత్తిగా నేర్పాయా? ఆ సంగతే వెతుక్కుంటూ వెళ్లాను.

మనకు తెలిసినదల్లా ఎన్.సి.సి. దాని చట్టం 1948 నాటిది. డ్రిల్లు మాస్టారి ‘సావధాన్’ కేక, పరేడ్ అయ్యాక పెట్టే ఉప్మా మనలో ఎవరూ మరిచిపోలేదు. క్రమశిక్షణ అబ్బింది, కాదనను. కానీ అది ఉద్యోగం నేర్పడానికి పెట్టింది కాదు.

మంటలార్పే పనికి ఒక తేదీ ఉంది. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ పేలిపోయింది. పేలుడు పదార్థాలతో పాటు పత్తి బేళ్లు కూడా ఎక్కించిన ఓడ అది. ఆర్పడానికి వెళ్లిన 66 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. అగ్నిమాపక వారోత్సవాలు ఏటా ఆ రోజునే మొదలవుతాయి. (మనకు అది పరీక్షల కాలం కాబట్టి ఆ వారోత్సవాల మాట బడిలో విన్న గుర్తు లేదు.) 1956లో రాంపూర్‌లో జాతీయ అగ్నిమాపక కళాశాల పెట్టారు. మరుసటి ఏడాది నాగపూర్‌కు మార్చారు. అలాంటిదొకటి ఉందని బడి పిల్లలకు చెప్పినవాళ్లు లేరు.

మేం పదో తరగతి రాసిన ఏడాదే కొత్త జాతీయ విద్యా విధానం వచ్చింది. 1990 కల్లా ఇంటర్ స్థాయి విద్యార్థుల్లో 10 శాతం మందిని, 1995 కల్లా 25 శాతం మందిని వృత్తి కోర్సుల వైపు మళ్లించాలని అందులో లక్ష్యం పెట్టుకున్నారు. వ్యవసాయం, వాణిజ్యం, ఇంజనీరింగ్, పారామెడికల్, గృహవిజ్ఞానం వంటి విభాగాలు చేశారు. రక్షణ వృత్తులకు వాటిలో విడిగా చోటు దక్కలేదు.

1995 డిసెంబర్ 23న హర్యానాలోని డబ్వాలీలో ఒక బడి వార్షికోత్సవం పందిరి అంటుకుని నాలుగు వందల మందికి పైగా చనిపోయారు. 2004 జూలై 16న కుంభకోణంలో 94 మంది పిల్లలు బడిలోనే కాలిపోయారు. బడుల్లో అగ్నిరక్షణ ఏర్పాట్లు ఉండి తీరాలని 2009లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. గోడలకు సిలిండర్లు వచ్చాయి. పిన్ను లాగడం ఎంతమందికి నేర్పారన్నది వేరే సంగతి.

వృత్తిగా నేర్పడం 2012లో మొదలైంది. ఆ సెప్టెంబర్‌లో హర్యానాలో 40 ప్రభుత్వ బడుల్లో ప్రయోగాత్మకంగా నాలుగు వృత్తి విషయాలు ప్రవేశపెట్టారు. ఆటోమొబైల్, ఐ.టి., రిటైల్‌తో పాటు నాలుగోది సెక్యూరిటీ. తర్వాత అది జాతీయ చట్రంలో చేరింది. ఆయుధం లేని సెక్యూరిటీ గార్డు పనికి తొమ్మిదో తరగతి పాఠ్యపుస్తకం కూడా వచ్చింది.

మన బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఈ మాట ఎత్తితే ఒక మిత్రుడు, "ఒరేయ్, ఊళ్లో పిల్లల్ని వాచ్‌మన్లని చేస్తావా?" అని అడిగాడు. ఆ ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారేయలేను. ఇలాంటి కోర్సులోకి ఎవరి పిల్లల్ని పంపుతారో మనందరికీ తెలుసు. పైగా 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం ప్రకారం గార్డుకు 18 ఏళ్లు నిండాలి. దాని కింద కేంద్రం తయారుచేసిన నమూనా నియమాల ప్రకారం 100 గంటల తరగతి శిక్షణ, 60 గంటల క్షేత్రశిక్షణ కావాలి. పదో తరగతి అయ్యేసరికి పిల్లవాడికి 15, 16 ఏళ్లు. ఈ పాఠం చదివి వెంటనే చేరడానికి ఉద్యోగమే లేదు. మధ్యలో రెండు మూడేళ్లు వాడేం చేయాలి?

ఇంటర్ చేయాలి. అగ్నిమాపక శాఖలో ఫైర్‌మన్ కావాలన్నా ఇంటర్ ఉండాలి. మనం చదువుకునేటప్పుడు 108 అనే మాటే లేదు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో ఆ అంబులెన్సులు మొదలయ్యాక, రోగిని ఆసుపత్రి చేర్చేదాకా బతికించడం ఒక ఉద్యోగమైంది. వెయ్యిమంది పనిచేసే ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసర్ ఉండాలని ఫ్యాక్టరీల చట్టంలో 1976లోనే చేర్చారు. గార్డు పాఠం చెప్పే పంతులు ఇవన్నీ బోర్డు మీద రాసి చూపించాలి. గేటు దగ్గర ఆపేసే పాఠమైతే నా మిత్రుడే గెలుస్తాడు.

ఆ మాటకు నేనింకా పూర్తి జవాబు చెప్పలేదు. ప్రస్తుతానికి హెడ్మాస్టరుగారిని ఒకటి అడిగాను. మా ఫ్యాక్టరీలో సిలిండర్లను రీఫిల్‌కు పంపే ముందు ఎలాగూ ఖాళీ చేస్తాం. ఈసారి పది సిలిండర్లు బడి మైదానానికి తెస్తాను. తొమ్మిదో తరగతి పిల్లలు ఒక్కొక్కరుగా పిన్ను లాగి, రేకు పళ్లెంలో మండే డీజిల్ మీద పౌడర్ కొట్టాలి. మన ఊరి ఫైర్ స్టేషన్ వాళ్లను కూడా పక్కన నిలబడమని అడుగుదాం. వాళ్ల ఉద్యోగం గురించి వాళ్లే చెబుతారు. ఆరోజు ఎవరేం చేశారో నేనే రాస్తాను, పేర్లతో సహా.